ఐదవ చక్రము, తొట్టి పూత

పూనా నుండి హైదరాబాదు మీదుగా మచిలీపట్టణము చేరు 65వ నంబరు జాతీయ రహదారి పటాన్‌చెరు మీదుగా పోవుచున్నది. 2010 వరకు దీనికి 9వ నంబరు ఉండెను. ఒక ప్రక్క రామచంద్రాపురములో 1960ల దశాబ్దమున వెలసిన భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారము, మరొక ప్రక్క పాశమైలారం, ఇస్నాపూర్, బొల్లారం పారిశ్రామిక వాడలు ఉన్నవి. ముత్తంగి వద్ద 158 కిలోమీటర్ల పొడవు గల ఔటర్ రింగు రోడ్డు ఈ రహదారిని కలియుచున్నది. ఇదే దారిని పడమరగా పోయినచో జహీరాబాదు వచ్చును. అచ్చట 1980ల దశాబ్దమున ఆల్విన్ నిస్సాన్ పేరుతో ఆరంభమై, 1989లో మహీంద్రా సంస్థ చేతికి వచ్చిన వాహనముల కర్మాగారము కలదు.

ఈ రోడ్డుప్రక్క కొంతసేపు నిలిచి చూచినచో సరుకు మోయు బండ్లలో రెండు జాతులు కనబడును. రసాయనముల పీపాలు, మందుల పెట్టెలు వేసికొని తిరుగు చిన్న పికప్ బండ్లు ఒక జాతి. ఉక్కు చుట్టలను, పెద్ద కంటెయినర్లను మోసికొని పోవు పొడుగాటి ట్రైలర్లు రెండవ జాతి. ఈ ట్రైలరును కొంచెము పరిశీలించినచో ఒక వింత తోచును. దానికి వెనుక చక్రములే గాని ముందు చక్రములు లేవు. మరి దాని ముందు భాగమును మోయునది ఏది? ముందున్న ఇంజను బండి వీపుపై గ్రీజు పూసిన ఒక గుండ్రని ఉక్కు పలక ఉన్నది. ట్రైలరు మూతి దానిపై ఆని యుండును. ఈ పలకకే 'ఐదవ చక్రము' అని పేరు.

అమెరికా వంటి దేశములలో పికప్ బండి తొట్టిలోనే చిన్న ఐదవ చక్రమును బిగించి, దానితో ట్రైలరును లాగుదురు. మన ప్రాంతమున ఐదవ చక్రము పెద్ద లారీలకును, తొట్టి పూత పికప్ బండ్లకును సంబంధించిన సంగతులుగా వేరుపడి యున్నవి. కాని రెంటిలోను ఎదురగు ప్రశ్న ఒకటే: బరువు ఎక్కడ ఆనుచున్నది, దానిని ఆనించుకొను లోహము ఎంతకాలము నిలుచును? ఎంపికలో పొరబాటు జరిగినచో నష్టము సొమ్ముతో పోదు. రోడ్డుపై ప్రాణములకే ముప్పు వచ్చును.

పేరు వచ్చిన విధము

నాలుగు చక్రముల గుఱ్ఱపు బండి మలుపు తిరుగవలెనన్నచో దాని ముందు ఇరుసు ఇటునటు తిరుగవలెను. అందుకై ఇరుసునకును బండి అడుగునకును మధ్య ఒక ఇనుప వలయమును పడుకోబెట్టి అమర్చెడివారు. నేలను తాకని ఈ వలయమునకే ఐదవ చక్రమను పేరు వచ్చినది. గుఱ్ఱములు పోయి ఇంజన్లు వచ్చినను పేరు మాత్రము మిగిలెను.

1914లో అమెరికాలోని డెట్రాయిట్ నగరమున ఆగస్ట్ ఫ్రూహాఫ్ అను కమ్మరి, ఒక కలప వర్తకుని పడవను మోయుటకై ఫోర్డు కారునకు తగిలించు రెండు చక్రముల బండిని తయారుచేసెను. ఆ బండి ముందు భాగమును కారు మోసెను, వెనుక భాగమును దాని చక్రములు మోసెను. సగము బరువు పరుల మీద వేయునది గనుక దానిని సెమీ ట్రైలరు, అనగా అర్ధ ట్రైలరు అనిరి. మన మోటారు వాహనముల చట్టము (1988) కూడ దీనిని ఇట్లే నిర్వచించుచున్నది: తన భాగము కొంత మోటారు వాహనముపై ఆని, తన బరువులో కొంత ఆ వాహనమే మోయునట్లు నిర్మింపబడినది సెమీ ట్రైలరు.

ఎడ్లబండి చెప్పు పాఠము

ఈ సూత్రము మన రైతునకు క్రొత్త కాదు. రెండు చక్రముల ఎడ్లబండి నిజమునకు ఒక సెమీ ట్రైలరే. ధాన్యపు బస్తాలను ముందునకు పేర్చినచో నొగ క్రిందికి వంగి కాడి ఎడ్ల మెడలను నొక్కును. వెనుకకు పేర్చినచో నొగ పైకి లేచి మెడ పలుపు ఎడ్ల గొంతును బిగించును. అనుభవము గల రైతు కొంచెము బరువు మాత్రమే మెడపై పడునట్లు బస్తాలను సర్దుకొనును. అతడు లెక్క కట్టడు, కాని అతడు చేయునది గరిమనాభిని ఇరుసునకు కొంచెము ముందుగా నిలుపుటయే.

ట్రైలరు విషయమున మెడకు బదులు ఐదవ చక్రము, కాడికి బదులు 'కింగ్ పిన్' అను ఉక్కు మేకు ఉండును. ఎద్దు నొప్పిని తెలుపగలదు, ఇంజను బండి తెలుపలేదు. అందుచేత లెక్క అవసరమగుచున్నది.

నిర్మాణము

ఐదవ చక్రము వెనుక వైపు తెరచిన గుఱ్ఱపు లాడము ఆకారములో నుండును. మధ్య నున్న చీలిక గుండా కింగ్ పిన్ లోనికి జారును. అది చివరకు చేరగానే రెండు ఉక్కు దౌడలు, లేక ఒక దౌడ, ఒక అడ్డుకమ్మి దాని మెడను పట్టుకొనును. ప్రక్కనున్న పిడిని లాగినచో దౌడలు విడిపోవును. పలక ముందు వెనుకలకు ఊగునట్లు అడ్డు కడ్డీపై అమర్చబడి యుండును. రోడ్డు ఎగుడు దిగుడుగా నున్నపుడు ట్రైలరును, ఇంజను బండియు వేరువేరుగా వంగుటకు ఇది వీలు కల్పించును.

కింగ్ పిన్‌లలో ప్రధానముగా రెండు కొలతలు కలవు: 2 అంగుళములు, మూడున్నర అంగుళములు. సాధారణ ట్రైలర్లకు మొదటిది, మిక్కిలి భారమైన వానికి రెండవది. ఒక కొలత పిన్నును మరొక కొలత దౌడలలో వాడరాదు. 2 అంగుళముల పిన్ను క్రొత్తగా నున్నపుడు మెడ వద్ద 50.8 మిల్లీమీటర్లు ఉండును. అరిగి 49 మిల్లీమీటర్లకు దిగినచో దానిని మార్చవలెనని తయారీదార్లు చెప్పుదురు. రెండు మిల్లీమీటర్లకు లోబడిన తేడాయే గదా యని తలపరాదు. ఆ సందులో ప్రతి బ్రేకునకు, ప్రతి లాగుడునకు పిన్ను సుత్తివలె దౌడలను కొట్టుచుండును.

బరువు లెక్క

ఒక ఉదాహరణమును చూతము. సరుకుతో కూడ ట్రైలరు మొత్తము బరువు 36 టన్నులు అనుకొందము. కింగ్ పిన్ నుండి వెనుక మూడు ఇరుసుల మధ్య బిందువునకు దూరము 8 మీటర్లు. గరిమనాభి పిన్నుకు 5.6 మీటర్లు వెనుకగా నున్నది. తులాదండ సూత్రము ప్రకారము పిన్నుపై పడు బరువు 36 ను 2.4 చే హెచ్చించి 8 చే భాగించగా వచ్చును. అది 10.8 టన్నులు. మిగిలిన 25.2 టన్నులను వెనుక ఇరుసులు మోయును. 2018లో కేంద్ర ప్రభుత్వము ఇరుసు భారముల పరిమితులను పెంచినపుడు మూడు ఇరుసుల సముదాయమునకు 24 టన్నుల నుండి 27 టన్నులకును, నాలుగు టైర్ల ఒంటి ఇరుసునకు 10.2 నుండి 11.5 టన్నులకును హెచ్చించెను. కాబట్టి ట్రైలరు ఇరుసులు పరిమితిలోనే ఉన్నవి.

ఇక ఇంజను బండి. దాని ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరము 3.6 మీటర్లు. ఖాళీగా నున్నపుడు ముందు ఇరుసుపై 4.5 టన్నులు, వెనుక ఇరుసుపై 2.2 టన్నులు ఉన్నవనుకొందము. ఐదవ చక్రమును సరిగా వెనుక ఇరుసు పైననే బిగించినచో 10.8 టన్నులును వెనుక ఇరుసు మీదనే పడును. మొత్తము 13 టన్నులు. ఇది 11.5 టన్నుల పరిమితిని మించినది. దానినే అర మీటరు ముందునకు జరిపినచో 10.8 లో 1.5 టన్నులు ముందు ఇరుసునకు పోవును, వెనుకకు 9.3 టన్నులు మాత్రమే వచ్చును. వెనుక ఇరుసు మొత్తము సరిగా 11.5 టన్నులు, ముందు ఇరుసు 6 టన్నులు. పరిమితి కూడ దాటలేదు, ముందు చక్రములకు రోడ్డుపై పట్టును పెరిగినది. ఐదవ చక్రమును వెనుక ఇరుసునకు కొంచెము ముందుగా బిగించుటకు కారణమిదే. దానిని ఇరుసునకు వెనుకగా బిగించినచో ముందు చక్రములు తేలిక పడి, స్టీరింగు త్రిప్పినను బండి తిరుగక పోవచ్చును.

ఇపుడు అదే బండిలో సరుకును 40 సెంటీమీటర్లు ముందునకు పేర్చినట్లయిన ఏమగును? సులభము కొరకు గరిమనాభి కూడ అంతే జరిగినదనుకొందము. పిన్నుపై భారము 12.6 టన్నులగును. అందులో సుమారు 10.85 టన్నులు వెనుక ఇరుసునకు చేరి, మొత్తము 13 టన్నులు దాటును. సరుకు ఒక్క కిలో కూడ పెరుగలేదు. అయినను బండి చట్టమునకు, టైర్లకు, బ్రేకులకు కూడ మించిన బరువును ఒక ఇరుసుపై మోయుచున్నది. కాటాపై మొత్తము బరువును మాత్రమే చూచి తృప్తిపడు యజమాని ఈ సంగతిని గమనించడు. హద్దు మీరిన బరువునకు 2019 సవరణ తరువాత 20,000 రూపాయల జరిమానా, దానిపై ప్రతి అదనపు టన్నునకు 2,000 రూపాయలు విధింపవచ్చును. టైరు ప్రేలినపుడు కలుగు నష్టమునకు ఇట్టి లెక్క లేదు.

డి విలువ

ఐదవ చక్రముపై రెండు సంఖ్యలు ముద్రించి యుండును. ఒకటి అది నిలువుగా మోయగల బరువు. రెండవది 'డి విలువ'. బండి లాగునపుడు, బ్రేకు వేసినపుడు ఇంజను బండికిని ట్రైలరునకును మధ్య అడ్డముగా వచ్చు బలమును తట్టుకొను శక్తికి ఇది కొలత. దీనిని కిలోన్యూటన్లలో తెలుపుదురు.

లెక్క ఇట్లు కట్టవలెను. పిన్ను భారముతో కూడ ఇంజను బండి బరువును ట్రైలరు మొత్తము బరువుచే హెచ్చించవలెను. ఆ లబ్ధమును, రెండింటి మొత్తములో నుండి పిన్ను భారమును తీసివేయగా వచ్చిన సంఖ్యచే భాగించవలెను. వచ్చిన దానిని 0.6 చేతను, గురుత్వ త్వరణము 9.81 చేతను హెచ్చించవలెను. మన ఉదాహరణలో ఇంజను బండి 6.7 టన్నులు, పిన్ను భారము 10.8 టన్నులు, వెరసి 17.5. దీనిని 36 చే హెచ్చించగా 630. భాజకము 17.5, 36 ల మొత్తము నుండి 10.8 తీసివేయగా 42.7. ఇది రెండు బండ్ల అసలు బరువే. చివరకు డి విలువ సుమారు 87 కిలోన్యూటన్లు వచ్చును.

విరివిగా వాడుకలో నున్న 2 అంగుళముల ఐదవ చక్రములు అనేకము 152 కిలోన్యూటన్ల డి విలువకును, 20 టన్నుల నిలువు భారమునకును తయారగుచున్నవి. అట్టివి ఈ ఉదాహరణకు చాలును. అయితే చక్రము, కింగ్ పిన్, వానిని బిగించిన పలక, చట్రము, వీనిలో అన్నిటికంటె బలహీనమైన దానికి ఎంత శక్తి కలదో మొత్తము జోడునకు అంతే శక్తి. పాత చట్రముపై క్రొత్త చక్రమును వెల్డింగు చేయించి 'ఇది 20 టన్నులది' అని చెప్పుకొనుట అర్థము లేని మాట. వెల్డింగు వేడికి చట్రపు ఉక్కు గుణము మారి, ఆ చోటనే పగులు ఆరంభము కావచ్చును. తయారీదారు చూపిన బోల్టులతోనే బిగించవలెను.

జోడించునపుడు

ఐదవ చక్రపు ప్రమాదములలో పెక్కు జోడించుటలోని తొందరపాటు వలన జరుగును. ఇంజను బండి వెనుకకు వచ్చునపుడు ట్రైలరు అడుగు పలక ఐదవ చక్రము కంటె కొంచెము క్రిందుగా ఉండవలెను. అపుడు చక్రము దాని క్రిందికి దూరుచు ట్రైలరును కొంచెము పైకెత్తును, పిన్ను సరియైన ఎత్తున దౌడలలో పడును. ట్రైలరు మరీ ఎత్తుగా నిలిచి యున్నచో పిన్ను దౌడల పైనుండి జారిపోవును, లేక దౌడలు దాని క్రింది అంచును మాత్రమే పట్టుకొనును. చూచుటకు జోడు కలిసినట్లే యుండును. కొంత దూరము పోయిన పిదప మలుపులోనో, గుంతలోనో ట్రైలరు విడిపోవును.

కాబట్టి డ్రైవరు బండి దిగి, దీపముతో మూడు సంగతులు చూడవలెను. పలకల మధ్య సందు ఉండరాదు. దౌడలు పిన్ను మెడను పూర్తిగా చుట్టి యుండవలెను. పిడి లోనికి పోయి దాని అడ్డు చీల పడి యుండవలెను. తరువాత ట్రైలరు బ్రేకులు బిగించి యుంచి, తక్కువ గేరులో ముందునకు మెల్లగా ఒకసారి లాగి చూడవలెను. గాలి గొట్టములు, విద్యుత్తు తీగ తగిలించి, నిలుపుడు కాళ్ళను పూర్తిగా పైకెత్తిన తరువాతనే బయలుదేరవలెను. పలకపై పాత గ్రీజులో దుమ్ము చేరినచో అది ఆకురాయివలె లోహమును అరుగదీయును. అందుచే పాతదానిని తుడిచి క్రొత్తది పూయవలెను. గ్రీజు లేని పలక స్టీరింగును బరువెక్కించును. పలకపై ప్లాస్టిక్ పట్టీలు గల రకములకు మాత్రము ఈ గ్రీజు పూత అక్కరలేదు.

పికప్ తొట్టిలో ఐదవ చక్రము

బండి వెనుక బంపరునకు ట్రైలరును తగిలించుట కంటె తొట్టిలోని ఐదవ చక్రమునకు తగిలించుట ఏల మేలు? బంపరు వెనుక ఇరుసునకు 1.2 మీటర్లు వెనుకగా నున్నదనియు, ఇరుసుల మధ్య దూరము 3 మీటర్లు అనియు అనుకొందము. బంపరుపై 500 కిలోల బరువు పడినచో ముందు చక్రములపై 200 కిలోలు తగ్గును, వెనుక ఇరుసుపై 700 కిలోలు పెరుగును. తొట్టిలో ఇరుసు పైననో, కొంచెము ముందుగనో బరువు పడినచో ఈ ఎత్తుడు ఉండదు. ట్రైలరు ఇటునటు ఊగుటయు తగ్గును. అయితే ట్రైలరు బరువులో 15 నుండి 25 శాతము పిన్నుపై పడును. 5 టన్నుల ట్రైలరునకు 20 శాతము అనిన 1 టన్ను. మన పికప్ బండ్లలో పెక్కింటి మోయు శక్తి 1 నుండి 1.7 టన్నుల లోపుననే ఉండును. చక్రము బరువు, డ్రైవరు, తోడి మనిషి బరువు కూడ చేర్చినచో తొట్టిలో మరేమియు వేయుటకు వీలుండదు. లాగుటకును, ఆపుటకును చాలిన ఇంజను, బ్రేకులు ఉండవలెనను నియమము వేరే ఉన్నది.

మరొక కొలత కూడ కావలెను. 2.4 మీటర్ల వెడల్పు గల ట్రైలరు నిలువుకోణమున తిరిగినపుడు దాని ప్రక్క పిన్నుకు 1.2 మీటర్ల దూరమునకు వచ్చును. క్యాబిను అంతకంటె దగ్గరగా నున్నచో వెనుక అద్దము పగులును. పొట్టి తొట్టి గల బండ్లకు వెనుకకు జరుగు చక్రములు వాడుట ఇందువలననే.

వీటిని బట్టి ఒక సంగతి తేటపడుచున్నది. తయారీదారు సెమీ ట్రైలరును లాగుటకు నిర్ణయింపని పికప్ బండికి స్థానిక వర్కుషాపులో ఐదవ చక్రమును బిగించుట తగదు. రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. ఈ నియమము వెనుక పైన చూచిన లెక్కలే ఉన్నవి.

తొట్టికి కవచము

పికప్ తొట్టి పలుచని ఉక్కు రేకు. పీపా అంచు గీచినచో రంగు లేచిపోవును, ఇనుము బయటపడును. తేమలో ఇనుము కొన్ని చోట్ల విద్యుత్కణములను విడిచి కరగును. ఆ కణములను నీటిలోని ఆమ్లజని గ్రహించును. ఈ చిన్న విద్యుద్ఘటముల పనియే త్రుప్పు. ఉప్పు గాని, ఆమ్లము గాని కలిసినచో నీటి విద్యుద్వాహకత పెరిగి త్రుప్పు త్వరపడును. రసాయనముల పీపాలు మోయు పటాన్‌చెరు బండ్లకు ఈ ముప్పు ఇతర బండ్ల కంటె అధికము.

కవచములు నాలుగు విధములు. మొదటిది అచ్చు పోసిన పాలిథీన్ తొట్టి. దీనిని బండి తొట్టిలో దింపి బిగింతురు. దెబ్బలకు, పెక్కు ఆమ్లములకు, క్షారములకు ఇది బాగుగా నిలుచును. కాని దాని క్రిందికి జారిన నీరు ఆరదు. బండి అదురునకు ప్లాస్టిక్ రంగును రాచివేయును. పైకి చక్కగా కనబడుచుండగనే క్రింద రేకు చిల్లులు పడును. అందుచేత ఏడాదికి ఒకటి రెండు సార్లు తీసి కడిగి ఆరబెట్టవలెను.

రెండవది చిమ్ము పూత. ఐసోసయనేటు, అమీను అను రెండు ద్రవములు తుపాకి మూతి వద్ద కలిసి, రేకుపై పడి, కొన్ని క్షణములలో గట్టిపడి పాలియూరియా అగును. ఇది రేకును అంటిపెట్టుకొని యుండును గనుక క్రింద నీరు చేరదు. అయితే రేకుపై నూనె, త్రుప్పు, మెరుపు రంగు ఉన్నచో అంటదు. పూతలో సగము పని గీకి శుభ్రపరచుటయే. మరియు ఐసోసయనేటు తుంపరలు ఊపిరితిత్తులకు హానికరములు. ఒకసారి పడక ఉబ్బసము వచ్చిన పనివానికి తరువాత కొలది ఆవిరి సోకినను ఆయాసము కలుగును. 1984లో భోపాలున ప్రాణములు తీసిన మిథైల్ ఐసోసయనేటు ఈ కుటుంబములోనిదే. పూతలో వాడునవి వేరు, అవి అంత సులభముగా ఆవిరి కావు. అయినను చిమ్మునపుడు గాలిలో తేలును. ముఖమునకు గుడ్డ కట్టుకొని ఈ పని చేయుట ఎంతమాత్రము చాలదు. బయటి నుండి శుద్ధమైన గాలి నిచ్చు ముసుగు కావలెను. చవకగా చేయుదుమను దుకాణములో మొట్టమొదట చూడవలసినది ఆ ముసుగును.

మూడవది రబ్బరు చాప, నాల్గవది ఉక్కు రేకు. 2.7 మీటర్ల పొడవు, 1.7 మీటర్ల వెడల్పు గల తొట్టి అడుగునకు 3 మిల్లీమీటర్ల ఉక్కు రేకు పరచినచో సుమారు 108 కిలోలు తూగును. 6 మిల్లీమీటర్ల రబ్బరు చాప దాదాపు 33 కిలోలు, 3 మిల్లీమీటర్ల పాలిథీన్ 13 కిలోలు మాత్రమే. ఉక్కు రేకు వేసినచో ప్రతి ప్రయాణములోను వంద కిలోల సరుకును వదలుకొన్నట్లే.

జారుడు, నిప్పు రవ్వ

బ్రేకు గట్టిగా వేసినపుడు బండి వేగము గురుత్వ త్వరణములో సగము రేటున తగ్గినదనుకొందము. 200 కిలోల పీపాను జారకుండ నిలుపుటకు సుమారు 980 న్యూటన్ల బలము కావలెను. పాలిథీనుపై ఘర్షణ గుణకము 0.2 అయినచో ఘర్షణ 390 న్యూటన్లు మాత్రమే ఇచ్చును. మిగిలిన 590 న్యూటన్లను, అనగా 60 కిలోల బరువునకు సమానమైన బలమును, ప్రతి పీపాకు త్రాళ్ళు భరింపవలెను. పొడి రబ్బరుపై గుణకము 0.6 వరకు ఉండును గనుక ఘర్షణయే పీపాను ఆపగలదు. కాని బండి గుంతలో ఎగిరినపుడు ఒక క్షణము ఘర్షణ మాయమగును. నూనె ఒలికినను తగ్గిపోవును. కనుక రబ్బరు చాప ఉన్నను పట్టీలతో కట్టుట మానరాదు.

ఇంతకంటె దాగియున్న ముప్పు స్థిర విద్యుత్తు. పెట్రోలు, టోలుయీను వంటి సాల్వెంట్లు గొట్టము గుండా ప్రవహించునపుడు విద్యుదావేశము పుట్టును. లోహపు డబ్బా నేలపై నున్నచో ఆవేశము నేలలోనికి పోవును. ప్లాస్టిక్ కవచముపై నున్నచో పోవుటకు దారి లేదు. డబ్బాలో చేరిన ఆవేశము గొట్టపు మూతికి రవ్వగా దూకినచో ఆవిరి అంటుకొనును. పికప్ తొట్టిలోని ప్లాస్టిక్ కవచముపై డబ్బాలనుంచి పెట్రోలు నింపునపుడు మంటలు లేచిన సంఘటనలను గూర్చి అమెరికా జాతీయ వృత్తి భద్రతా ఆరోగ్య సంస్థ 1998లో హెచ్చరిక చేసెను. నివారణము సులభము: డబ్బాను దింపి నేలపై నుంచి, గొట్టపు మూతిని డబ్బాకు తాకించి నింపవలెను. పీపాల నుండి పీపాలకు పోయునపుడు రెంటిని రాగి తీగతో కలిపి భూమికి సంధింపవలెను. సాల్వెంట్ల పనియే నిత్యము గల బండికి మామూలు ప్లాస్టిక్ కవచము మంచి ఎంపిక కాదు.

తొట్టిని కడుగు చోటును కూడ తలచుకొనవలెను. పటాన్‌చెరు కాలువల నీరు నక్కవాగులో పడి మంజీరకు చేరును. ఆ వాగు కాలుష్యముపై 1990లో సుప్రీంకోర్టు వరకు వ్యాజ్యము నడచినది. కవచము రేకును రక్షించును గాని, ఒలికిన రసాయనమును మాయము చేయదు. దానిని రోడ్డు ప్రక్కన కడుగక, వ్యర్థజలమును శుద్ధిచేయు ఏర్పాటు గల కర్మాగారములోనే కడుగుట ధర్మము.

రెండును కలిసినపుడు

ఐదవ చక్రమును, కవచమును ఒకే తొట్టిలో అమర్చు దేశములలో తెలిసిన నియమము ఒకటి మనకు కూడ పనికివచ్చును. చక్రపు అడుగు పట్టాలు క్రింది చట్రమునకు బిగియవలెను గాని తొట్టి రేకునకు కాదు. పట్టాకును రేకునకును మధ్య మందపు ప్లాస్టిక్ ఉండరాదు. ఎడతెగని ఒత్తిడి క్రింద ప్లాస్టిక్ మెల్లమెల్లగా పలుచబడును. ఎంత బిగించిన బోల్టయినను కొన్ని నెలలలో వదులగును. అందుచే అచ్చు తొట్టిని పట్టాల మేరకు కోసివేయుదురు. పలుచని చిమ్ము పూత అయినచో దానిపై బిగించుటకు తయారీదార్లు అనుమతింతురు. అయినను కొంత దూరము నడిచిన పిదప బోల్టులను మరల బిగించి చూడవలెను. తొట్టిలో గాజుపెట్టె, క్రేను, పనిముట్ల పెట్టె ఏది బిగించినను ఈ సూత్రము మారదు.

కొనుటకు పోవువాడు ధర అడుగుటకు ముందు కొన్ని సంఖ్యలను కాగితముపై వ్రాసికొనవలెను: బండి మోయగల బరువు, ప్రతి ఇరుసు హద్దు, ట్రైలరు మొత్తము బరువు, పిన్నుపై పడు భారము, డి విలువ. కవచమునకైతే మోయు సరుకు ఏది, అది ఒలికినచో ఏమగును, అది మండునా, రోజుకు ఎన్నిసార్లు ఎక్కించి దింపుదురు అను ప్రశ్నలు. ఇటుకలు మోయు బండికి ఉక్కు రేకు, కూరగాయలకు అచ్చు పాలిథీన్, జారు పెట్టెలకు రబ్బరు, ఆమ్లములకు వాని గుణము చూచి పాలిథీన్, నిత్యము తడిసి గీచుకొను తొట్టికి మంచి చిమ్ము పూత తగియుండును. ఈ సంఖ్యలు, సమాధానములు చేతిలో నున్నచో దుకాణదారుని మాటను తూచి చూచుటకు వీలగును. అవి లేనిచో ఎంత ఖరీదైన సామగ్రిని కొన్నను బండి భద్రముగా నడచునను నమ్మకము ఉండదు.